బస్సు టికెట్ ఉన్న పేజీ

పలకరాళ్ళ ఊరు మాది, వేల్స్ కొండల్లో.
ఇంటికప్పులు పలకలే, సమాధులు పలకలే,
కొండ కడుపు కోసి తీసి
పనికిరాదని పారబోసిన గుట్టలూ పలకలే.
ఏడాదిలో రెండొందల రోజులు
వాన వాటిమీద ఏదో రాస్తుంది,
తనే తుడిచేస్తుంది.

నేను పుస్తకం ముట్టి ఆరేళ్ళు.
మానేశానని కూడా అనుకోలేదు.
బీమా ఆఫీసులో కూర్చుని
తడిసిన తివాచీల గురించీ పగిలిన పైపుల గురించీ
జనం పెట్టుకున్న అర్జీలు చదువుతాను.
అబద్ధం ఎక్కడుందో పట్టుకోవడమే నా జీతం.
చదివీ చదివీ కళ్ళకి
అక్షరమంటేనే అనుమానం పట్టుకుంది.
నవల తెరిస్తే రెండో పేరాలోనే
"రుజువేది?" అనేవి.

గెథిన్‌కి తొమ్మిదేళ్ళు. నేను ఇల్లు విడిచిన ఏడు పుట్టాడు.
ఒకే అమ్మ పిల్లలం గానీ
ఒకే ఇంట్లో పెరిగిన వాళ్ళం కాము.
"బడెలా ఉంది?" "బాగుంది."
అక్కడితో మా మాటల మూట ఖాళీ.

నవంబర్లో వాడు సైకిల్ మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు.
అమ్మకి వృద్ధాశ్రమంలో రాత్రి డ్యూటీలు,
తోడు పడుకోమని నన్ను పిలిచింది.
మంచం కింద, జత తప్పిన మేజోడు పక్కన
లైబ్రరీ గడువు దాటిన లావుపాటి పుస్తకం.
"చదువుకోవచ్చుగా?"
"అక్షరాలు కదుల్తాయి," అన్నాడు,
బయట వాన పడుతోందని చెప్పినంత మామూలుగా.

సరే, నేనే మొదలెట్టాను.
అందులో ఒక ఊరు. అక్కడ నీడల మీద పన్ను.
బీదవాళ్ళు మిట్టమధ్యాహ్నమే బయటికొస్తారు.
ఒక పిల్ల తన అవ్వ నీడని కెటిల్లో దాచి
ఉత్తరానికి పారిపోతుంది.
దారి చూపేది ఒంటికన్ను బాతు,
నోరు తెరిస్తే అబద్ధం.

"కెటిల్ ఎన్ని లీటర్లు? నీడని కొలిచిందెవరు?"
కళ్ళు వాటి డ్యూటీ అవి చేస్తున్నాయి.
గొంతు మాత్రం బాతైపోయింది.
నాలో ఒక బాతుందని నాకే తెలీదు.
వాడు నవ్వితే
పిండికట్టు మంచంకోడుకి టకటకా కొట్టుకుంది.

అలసిపోయి ఒకరోజు ఒక పేరా దాటేశాను.
"అక్కా, ఏదో వదిలేశావు."
"నీకెలా తెలుసు?"
"నువ్వు ఊపిరి తీసుకోలేదు."

ఆ రాత్రి, కెటిల్ మూత కదిలిన చోట
పాత బస్సు టికెట్ పెట్టి దీపం ఆర్పాను.
కింద సోఫా. వాన. ఫ్రిజ్ గురక.
మూత తెరుచుకుందా, లేదా?
రెండింటికి, కిర్రుమనే మూడో మెట్టు తప్పించి
దొంగలా పైకెళ్ళి తెచ్చుకున్నాను.
వంటింట్లో నిలబడే నలభై పేజీలు.
పొయ్యి మీద నీళ్ళు మరిగి మరిగి ఇగిరిపోయాయి.
చదువుతూ బస్సు తప్పిపోయిన పిల్ల ఒకతె
ఇన్నేళ్ళూ ఆ స్టాపులోనే
ఎవరైనా వస్తారని నిలబడి ఉన్నట్టుంది.

తెల్లారేలోగా టికెట్‌ని దాని చోట పెట్టేశాను,
నూటపన్నెండో పేజీలో. బాగా గుర్తు.

సాయంత్రం తెరిస్తే నూటపదిహేనులో ఉంది.
నేను వాడి మొహం చూశాను.
వాడు గోడ చూశాడు.
"మూడు పేజీలే," అన్నాడు చివరికి.
"వేలు పెట్టి, ఒక్కో మాటా.
మధ్యాహ్నమంతా పట్టింది."
చెవులు ఎర్రగా.

"నేను నలభై," అన్నాను.
"దొంగా! చెప్పకు, చెప్పకు!"
రెండు చెవులూ మూసుకున్నాడు.

గడువు దాటి ఇరవైరోజులైంది, జరిమానా నేనే కడతాను.
నూటపదిహేను నుంచి మళ్ళీ మొదలుపెట్టాం.
నా గొంతు వెనకే వాడి వేలు,
తడిరాళ్ళ మీద అడుగులేసినట్టు,
ఒక్కోచోట జారి, ఆగి, మళ్ళీ.
నేనూ ఆగాను.

వంతెన అవతల ఎవరూ లేరని బాతు ఒట్టేసింది.
ఉన్నారు. రాత్రే చదివాను.
అయినా, మళ్ళీ నమ్మాను.