చెవి

పర్లాకిమిడిలో పైపు ఎక్కడ పగిలిందో
మ్యాపుకి తెలీదు.
మ్యాపు రాజుగారి కాలంది, చెదలు సగం చదివేశాయి.
మొజ్జాడ దండాసికి తెలుసు.

మునిసిపాలిటీలో కాంట్రాక్టు మనిషి.
అంతకుముందు పద్దెనిమిదేళ్లు సాపరు.
ఇనప చువ్వతో మంచులో, ఇసకలో
మందుపాతర్లు వెతికేవాడట.
ఆ 'ట' నాది. ఆయన ఏమీ చెప్పడు.

ఇప్పుడూ అదే చువ్వ. అంటే అలాంటిదే,
కమ్మరి చేత సాగదీయించుకున్నాడు.
నిలువుగా గుచ్చడు. ఏటవాలుగా,
నిద్రపోతున్న పిల్ల తలగడ కింద
చెయ్యి దూర్చినట్టు.
నేను గడ్డపార ఎత్తితే చాలు,
"తొందరని ఒకడున్నాడు సూడు,
ఆడు మన జట్టు మడిసి కాడు" అంటాడు.

కుళాయిలు దగ్గడం కూడా మానేసిన వేసవి వారం,
కుమ్మరి వీధిలో
పాణిగ్రాహి బాబు స్కూటరు దిగకుండానే
"హెలా? హెలా?" అని ఒడియాలో తొందరపెడతాడు.
బిందెలు తెలుగులో తిడతాయి.

రాత్రి రెండింటికి, లారీలు లేని వేళ,
దండాసి రోడ్డు మీద బోర్లా పడుకున్నాడు.
తారు ఇంకా కాలుతూనే ఉంది. చెంప ఆనించాడు.
ఊపిరాపమని చెయ్యెత్తాడు.
కుక్క కూడా ఆపింది.
లోపలెక్కడో చేటలో బియ్యం జారుతున్న చప్పుడు
ఆయనకి.
నాకు నా గుండే వినబడింది.

"ఇక్కడ."
సుద్దతో సున్నా చుట్టాడు.
మూడడుగుల కింద, సరిగ్గా ఆ సున్నాలోనే
పైపు నోరు తెరుచుకుని ఉంది.

నీళ్లు ఎగజిమ్మగానే
ఆరుబయట మంచం మీంచి ఎవరి పిల్లడో లేచి
కేరింతలు కొడుతూ గోతివైపు పరిగెత్తాడు.

"రుక్!"

వీధంతా నిలబడిపోయింది.
ఆ గొంతు కుమ్మరి వీధిది కాదు.
పిల్లణ్ణి ఎత్తుకుని, చాలాసేపు,
ఒక మడమ, ఇంకో మడమ,
ఒక్కో వేలూ తడిమి చూశాడు.
తల్లి వచ్చి రెండుసార్లు అడిగితే గాని
ఇవ్వలేదు.

వాల్వు కట్టెయ్యాలంటే
తోటల వెనక బురదలోంచి పోవాలి.
ముందు ఆయన, వెనక నేను.
తిరిగొచ్చేటప్పుడు తన అడుగుల్లోనే
అడుగేసుకుంటూ వచ్చాడు, బెత్తెడు కూడా పక్కకి పోకుండా.
నవ్వొచ్చింది.
నవ్వడానికి ముందు చూసుకున్నాను కదా,
నా కాళ్లూ వాటిలోనే ఉన్నాయి.

చువ్వకి నూనె రాసి గోనెలో చుట్టి
అరుగు మీద కూర్చున్నాడు. వేళ్లు వణుకుతున్నాయి.
బీడీ నేనే ముట్టించి ఇచ్చాను.

పొద్దున్న పాణిగ్రాహి బాబు
వాల్వు దాకా నడిచి చూసొచ్చి
మస్టరు తెరిచాడు:
"బురదలో ఒక్కడి అడుగులే ఉన్నాయి.
రెండో కూలి ఎవరికి రాశారు?"