ట్యాంకు ఉన్నప్పటి తొవ్వ

మా కోరుట్లల గల్లీలకు పేర్లున్నయట.
మున్సిపాలిటోళ్లు నీలం రేకుల మీద రాసి కొట్టిపోయిండ్రు.
ఒక రేకుకు శంకరవ్వ బట్టల దండెం కట్టింది.
ఇంకోటి నా ఇంటి వెనక గోడకే ఉన్నది,
మీద ఏం రాసున్నదో ఇప్పటికీ నాకు తెల్వది.

మాకు తొవ్వ చెప్పుడంటే చెయ్యెత్తి చూపుడే.
గా పిండిగిర్ని దాటు,
సున్నం రాలిన మజీదు గోడ పట్టుకొని పో,
ఒక దిక్కు ఒరిగిన ట్రాన్స్‌ఫార్మర్ కాడ ఎడమకు మలుగు.
మలిగినంక ఎవలనడగకు,
ట్యాంకు నీకే కనవడ్తది.

ఆరు కాళ్ల మీద నిలవడ్డ నీళ్ల ట్యాంకు.
దాని కడుపు మీద ఎన్నడో యూరియా అని రాసిండ్రు,
ఎండకు యూ రాలిపోయి రియా మిగిలింది.
పోరగాండ్లు గదే పేరు పెట్టుకున్నరు,
"ఆరింటికి రియా కింద ఉంట, రా" అని.

నేను చాట నెత్తిన పెట్టుకొని
వెయ్యి బీడీలు, నలభై కట్టలు
కంపినికి పట్కపోతుంటి. ఇరవై రెండేండ్లు.
రైసుమిల్లు వెనకకెల్లి పోతే దగ్గర,
నూరడుగులు కలిసొస్తయి, నీడ గూడ ఉంటది.
రెండు మూడు సార్లు పోయి చూసిన.
ఊక కుప్పల నడుమ ట్యాంకు మాయమైతది.
కండ్లకు కనవడకుంటె కాళ్లు నమ్మయి,
ఎటు పోతున్ననో తెల్సు, అయినా
జాతరల చెయ్యి ఇడిసినట్టుంటది.

అందుకే అందరం దూరం తొవ్వనే నడిచినం.
నడిచి నడిచి మట్టి కుంగింది,
కుంగినకాడ చాయ్ డబ్బా వచ్చింది,
డబ్బా ఎదురుంగ చెప్పులు కుట్టే ఓదెలు కూసున్నడు.
ఆఖరికి మున్సిపాలిటోళ్లు సిమెంటు పోసి
తొవ్వ మేమే ఏసినమన్నరు.

పోయిన శ్రావణంల, బేస్తారం నాడు,
తాళ్లు కట్టి పొక్లెయిన్‌తోని గుంజిండ్రు.
మొదటిసారి కదల్లే.
రెండోసారి ఒక మోకాలు వంచింది.
మూడోసారి పడ్డది,
దుమ్ము కిందికి దిగేదాక ఎవలం ఇండ్లకు పోలే.

తెల్లారి చాట ఎత్తుకొని బయలెల్లిన.
పిండిగిర్ని దాటిన. గోడ దాటిన.
ట్రాన్స్‌ఫార్మర్ కాడ మలిగి తలెత్తిన.
నవ్వకుండ్రి, ఇరవై రెండేండ్ల తొవ్వ,
రెండు గల్లీలు అవతలికి పోయి
ఒక పచ్చ తలుపు ముందట తేలిన.

గది ముంతాజు ఇల్లు.
మాకు మాటల్లేక పదకొండేండ్లు.
బూజువట్టిన తునికాకు కట్ట నాకంటగట్టిందని నేను,
ఇంటికాడ బూజువట్టిచ్చి తెచ్చినవని ఆమె.
గడపల కూసోని ఆకు కత్తిరిస్తున్నది,
ముందు నా చాట చూసింది, తర్వాత నన్ను.
"తొవ్వ దప్పినవా నర్సుబాయీ?"
"ట్యాంకు లేదు గద" అన్న.
"అవ్" అన్నది, "నేను గూడ నిన్న
నల్లా కాడికని పోయి టేకేదారు ఇంట్ల జొచ్చిన."
ఇద్దరం నవ్వలే. జరసేపైనంక నవ్వినం.
ఆలస్యమైందని ఆనాడు టేకేదారు
రెండు కట్టలు పక్కకు పారేసిండు. పారెయ్యనీ.

ఇప్పుడు నేను గా తొవ్వనే పోత,
పచ్చ తలుపు కనవడ్డంక కుడికి.

మొన్న జగిత్యాల బస్సు దిగిన పిలగాడొకడు,
బ్యాంకుల కొత్త నౌకరట,
ఫోను పట్టుకొని నిలవడ్డకాన్నే గుండ్రంగ తిరుగుతున్నడు.
బీడీ కంపిని పక్కన కిరాయి రూము, యాడమ్మా అంటే
నోటికెల్లి గదే వచ్చింది,
ట్యాంకు కాడ మలుగు బిడ్డా.
ఆయన తలెత్తి చూసిండు.
మొగులు తప్ప ఏం లేదు.
నేను గూడ చూసిన.
"అగో, గాడనే" అన్న.