పలకని హ

మారిసోల్ టీచరుకి గ్వాయాకీల్లో సాయంత్రం,
నాకు మొగల్తూరులో తెల్లవారుజాము నాలుగు.
కొనేవాళ్ళకి వాళ్ళ భాషలోనే ఉత్తరం రాస్తే
కేజీ రొయ్యకి రూపాయి ఎక్కువొస్తుందని
మా రాజుగారి లెక్క.

ఇవాళ్టి పాఠం, జరగనివాటి గురించి.
"ఓహలా ఉబియేరా" అంటుంది టీచరు,
నోట్సులో మాత్రం "హుబియేరా" అని రాయిస్తుంది.
ముందున్న హ రాయాలి, పలక్కూడదు.
మరెందుకండీ ఉండటం, అన్నాను.
"ఉంది. అంతే."

ఓహలా అంటే దేవుడు తలిస్తే అనట,
ఎప్పుడో అరబ్బులు వదిలెళ్ళిన మాటట.
ఏసుపాదం ప్రతి ముక్క చివరా తగిలించే
"ప్రభువు చిత్తమండి, ఆయ్" లాంటిది కాబోలు.

కార్తీకంలో ఓ రోజు ఇదే నాలుగింటికి
నేను భవిష్యత్తు నేర్చుకుంటున్నాను:
వెళ్తాను, వెళ్తావు, వెళ్తారు.
ఫోను సైలెంట్లో బోర్లా పడుకుంది.
ఏడో నంబరు చెరువులో ఏరియేటర్లు ఆగి,
జనరేటరు దగ్గి దగ్గి ఊరుకుని,
తొంభై రోజుల రొయ్య ఊపిరికోసం పైకి తేలింది.
డీజిలు గది తాళం నా దగ్గరే.
మూడుసార్లు చేశాడు ఏసుపాదం.

పొద్దున్న గట్టంతా తెల్లగా.
కొంగలు కూడా తొందరపడలేదు.
"నిద్రపోయావురా" అన్నారు రాజుగారు.
అతను నావైపు చూశాడు.
నేను మీటరు వైపు చూశాను.
సున్నా పాయింట్ ఆరు.

దుప్పటి, టార్చిలైటు, అన్నం గిన్నె
సైకిలుకి కట్టుకుని ఉప్పుటేరు గట్టున వెళ్ళిపోయాడు.
పేరుపాలెంలో ఐసు కొడుతున్నాడని ఎవరో అన్నారు.

"ఏదీ, నీ సొంత వాక్యం ఒకటి."
వాన పడి ఉంటే బాగుండేది.
"ముయ్ బియెన్!"
కరెంటు పోకుండా ఉంటే బాగుండేది.
"ముయ్ బియెన్!"

అప్పుడు చెప్పింది అసలు చిక్కు:
ఉబియేరా నేనూ కావచ్చు, అతనూ కావచ్చు,
రూపం ఒక్కటే.
మన ఉంటే కూడా అంతేగా, అనుకున్నాను.
ఫోను ఎత్తి ఉంటే, తాళం అతని దగ్గరే ఉంచి ఉంటే,
అందరి ముందూ నోరు విప్పి ఉంటే.
ఎవరన్నది చెప్పక్కర్లేదు. హాయిగా ఉంటుంది.
"తికమకైతే ముందు యో పెట్టు" అంది.
యో అంటే నేను.

బయట ఏరియేటర్లు నీళ్ళు చిలుకుతున్నాయి.
యో, అని కొట్టాను.
పక్కన సన్నటి గీత వెలుగుతోంది, ఆరుతోంది.
ఆ మూడు కాల్సూ ఎర్రగా ఫోన్లో ఇంకా ఉన్నాయి,
ఎవరికీ చూపించలేదు, చెరపనూ లేదు.

"ఏమైంది, గొంతు వినపడట్లేదు?" అంటోంది మారిసోల్.
రాస్తున్నానండీ, అన్నాను
తెలుగులో.