ఎత్తుల లెక్క

జ్వోల్లెలో, మందుల కొట్టు మూసేశాక
శుక్రవారం సాయంత్రాలు చదరంగం క్లబ్బుకి లెక్కలు రాస్తాను.
పగలంతా గ్రాములో వెయ్యో వంతు తూచే చెయ్యి,
నువ్వైతేనే సరి, అన్నారు వాళ్ళు.
ఈసారి తూచాల్సింది ఒక పెట్టెని.

హాంబర్గ్ నుంచి కారు డిక్కీలో వచ్చింది,
చంటిపిల్లలా గొంగట్లో చుట్టుకుని.
బల్ల మీద పెట్టగానే నాలుగు ఎర్ర అంకెలు వెలిగాయి.
అట్ట మీద అమ్మేవాడు అచ్చేశాడు: మాస్టర్ స్థాయి.
మా అంగట్లో చీజు చక్రం మీద కూడా
బరువు అచ్చేసే ఉంటుంది.
తూచకుండా ఎవరూ కొనరు.

ఇరవై ఆటలు. ఐదుగురు మనుషులు, ముగ్గురు మాస్టర్లు.
కిటికీ అవతల కాలువ గడ్డకట్టి ఉంది.

మొదటివాడు వెసెల్ హూకెమా.
గుర్రాన్ని ముట్టుకునే ముందు వేళ్ళు ఊదుకుంటాడు.
పధ్నాలుగో ఎత్తులో శకటుని గాలికి వదిలేశాడు.
అలసట కాదు, చిన్నచూపు.
పెట్టె మొహమాటపడలేదు. తినేసింది.
కోటు తొడుక్కుంటూ అన్నాడాయన,
"నన్ను ఓడించింది అది కాదు, నేనే."
ఆ మాట రాయడానికి నా కాగితంలో గడి లేదు.
దానికి ఒకటి, ఆయనకి సున్నా.

మర్నాడు ఆయనే మళ్ళీ కూచున్నాడు.
బంటుకి బంటు అడ్డం పెట్టి
ఇంటి తలుపులన్నీ మూసేశాడు.
పెట్టె ఏనుగుని పక్కకి జరిపింది, మళ్ళీ వెనక్కి,
పక్కకి, మళ్ళీ వెనక్కి,
తాళంచెవి పోగొట్టుకున్నవాడు గుమ్మం ముందు తిరిగినట్టు.
ఆయన రెండో కాఫీ తెప్పించుకుని
తీరిగ్గా గోడ పగలగొట్టాడు.
అదే పెట్టె. అదే మనిషి.
మరి నిన్న నేను తూచిందేమిటి?

మూడెత్తుల దాకా దానికి పట్టపగలు,
నాలుగో ఎత్తు నుంచి చిమ్మచీకటి.
ఏనుగు పోతుందని తెలిసిన క్షణాన
ఒక బంటుని బలిస్తుంది, ఇంకో బంటుని,
అప్పులవాడు తలుపు బాదుతుంటే
ఇంట్లో గిన్నెలు ఒక్కొక్కటే కిటికీలోంచి అందించినట్టు.
కనిపించని నష్టం లేనట్టే దానికి.
నవ్వబోయాను.
నా కొట్టు ఖాతా పుస్తకం గుర్తొచ్చి ఊరుకున్నాను.

దాని చేతులు ఫెమ్కెవి, ఇంజనీరింగ్ చదివే పిల్ల.
పదకొండో ఆటలో ఆమె మీట తప్పు నొక్కింది.
మంత్రి పోయింది, ఆట పోయింది.
చెల్లుతుందా?
చెయ్యి జారితే అదీ బలహీనతే, అన్నారు సగంమంది.
ఎవరి చెయ్యి? అన్నారు మిగతా సగం.
నేను చెల్లుతుందన్నాను.
ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఐదు నిమిషాల ఆటయితే అది రాక్షసి,
రెండు గంటలిస్తే బడిపిల్లాడు.
ఈ ఇద్దరికీ కలిపి ఒకే అంకె కావాలట.

పందొమ్మిది ఆటలూ ఒక ఎత్తు,
ఇరవయ్యోది ఒక ఎత్తు.
ఇదా ఫాన్ రాల్టె ఆడుతోంది.
రెండు రాజులు, రెండు ఏనుగులు, బంటన్నది లేదు.
సమానం అనుకుందామా, అంది.
ఆ మాటకి పెట్టె మీద మీట లేదు.
యాభై ఎత్తుల నియమానికి ఇంకా ముప్పై ఒకటి ఉన్నాయి.
డెవెంటర్ వెళ్ళే ఆఖరి రైలుకి పదకొండు నిమిషాలు,
అక్కడ పక్కింటి వాళ్ళ దగ్గర నిద్రపోతున్న పాప.
గడియారం ఆపింది. రాజుని పడుకోబెట్టింది.
శాలువా తీసుకుని మంచులోకి పరుగెత్తింది.
దానికి ఒకటి, ఆమెకి సున్నా.

ఇంటికొచ్చి కూడాను, భాగించాను.
పందొమ్మిది వందల నాలుగు,
అటూ ఇటూ నూట నలభై.
ఎవరో పుట్టిన సంవత్సరంలా ఉంది.
అందులో హూకెమా చిన్నచూపు ఉంది,
ఫెమ్కె వేలు ఉంది, డెవెంటర్ రైలు ఉంది.
"అటూ ఇటూ" తీసేయమని హాంబర్గ్ నుంచి తంతి వచ్చింది.
తీసేయలేదు.

పంపించేముందు పెట్టెని కొట్లో త్రాసు మీద పెట్టాను.
రెండు కిలోల మూడు వందల నలభై గ్రాములు.
దానికి మాత్రం సంతకం పెట్టగలను.

హూకెమా ఫోన్ చేశాడు. ఎంత తేలింది?
చెప్పాను.
అంటే, నాకన్నా తక్కువే?
ఈ ఏటికి, అన్నాను.
అవతల వేళ్ళు ఊదుకున్న చప్పుడు.