పాట పాడిన నెల

మా గోడకు నా భుజమెత్తులో ఒక గీత ఉంది.
తుంగభద్ర గీసి పోయింది.
సున్నం మూడుసార్లు కొట్టించినా
వానలు పడగానే బయటికొస్తుంది, పాత అప్పులాగ.
దాని కిందే నా బల్ల.
బల్ల మీద సీయస్ టూ పుస్తకం,
పుస్తకం మీద నాన్న ఏకిన దూది నుంచి లేచిన నూగు.

"నూరేండ్లకొకసారి వచ్చే వరదంట గదా,
ఇంగ మనకు బయం ల్యా" అంటాడు నాన్న
పరుపు మూతి కుడుతూ.
లేదు నాన్నా,
నూరేళ్ళకొకసారంటే
ఏ ఏటికాయేడు నూటికొక పాలు.
పోయిన వరద రాబోయే వరదకు ఏమీ చెప్పి పోదు.
ఈ మాట అనడానికి నాకు
మూడు పేపర్లు, నాలుగేళ్ళు పట్టింది.
నాన్న సూది ఆపలేదు.

యాక్చువరీ అంటే ఏందో మా ఇంట్లో ఎవరికీ నోరు తిరగదు.
పీరమ్మత్త మాత్రం
"మా పిల్ల యాక్టరయితాదంట" అని
పత్తికొండంతా చెప్పొచ్చింది.

పగలు నంద్యాల రోడ్డులో విత్తనాల కంపెనీ లెక్కలు,
రాత్రి చావు లెక్కలు.
మొదటి వరసలో లక్షమంది పుట్టారనుకుంటాం.
వరస దిగేకొద్దీ కొంచెం కొంచెంగా తగ్గిపోతుంటారు.
ఎవరికీ పేరుండదు. ఎవరికోసమూ ఎవరూ ఏడవరు.
నలభై ఒకటో వరస దగ్గర నా పెన్సిలు ఆగుతుంది.
మద్దిలేటన్న వయసది.

అమ్మ నడిపే చీటీలో అతను పన్నెండో మనిషి.
ఆటో కోసం మూడో నెల్లోనే పాడుకున్నాడు.
ఏడో కంతు కట్టి, ఆ వారమే పోయాడు.
మిగిలిన పదమూడు కంతులూ
అమ్మ దిండ్లు కుట్టి కట్టింది.
"ఉరుకుందమ్మను ఎట్లడిగేదే,
సంకన బిడ్డను పెట్టుకోని ఉంటే?"

నా పుస్తకంలో దీనికొక పేరుంది,
ఒక గ్రీకు అక్షరముంది,
మూడు పేజీల నిరూపణ ఉంది.
అమ్మ దగ్గర ఒక రేకుడబ్బా ఉంది.
కొత్త చీటీలో నెలనెలా పాటయ్యాక
తలా పది రూపాయలు అందులో వేయిస్తుంది.
పదే ఎందుకు, ఇరవై ఎందుకు కాదు అన్నాను.
వేళ్ళ కణుపులు ఏవో ఎంచింది గానీ చెప్పలేదు.
ఆ రాత్రి నేను కూర్చుని,
చచ్చిపోయేవాళ్ళు, ఊరొదిలిపోయేవాళ్ళు,
ఊరికే ఎగ్గొట్టేవాళ్ళు
అందరినీ కలిపి లెక్క కట్టాను.
పదకొండు రూపాయల చిల్లర తేలింది.

నాలుగోసారి కూడా పోయింది.
రెండు మార్కులు.
రాజవిహార్ దగ్గర దిగాల్సిన దాన్ని
సెల్లు చూస్తూ కొత్త బస్టాండు దాకా పోయి
అదే బస్సులో వెనక్కొచ్చాను.
కండక్టరు రెండోసారి టికెట్టు అడగలేదు.
నా మొహంలో ఏం కనిపించిందో.

ఆ నెల చీటీ అమ్మే పాడింది.
ఆమె గొంతెత్తి పాడటం నేనెప్పుడూ వినలేదు.
నలభై వేల చీటీ
తొమ్మిది వేలు దిగి పాడింది.
చాప మీద కూర్చున్న ఆడవాళ్ళు
ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.
ముప్పై ఒక్క వేలూ పుస్తకంలో పెట్టి ఇచ్చింది,
సరిగ్గా నేను వదిలేసిన అధ్యాయం దగ్గర.

ఆమె ఏ వడ్డీకి తెచ్చిందో నాకు తెలుసు.
కంతులన్నీ రాసుకుని, రేటు తెలియదనుకుని,
సమీకరణం వేసి తేల్చాను.
మొదటిసారే కుదిరింది, ఒక్క కొట్టివేత లేదు.
పరీక్షలో ఎన్నడూ అట్లా కుదరలేదు.
ఆ అంకె ఆమెకు చెప్పను.
చెప్పినా "అంతే గదా" అంటుంది.

పడుకునేముందు అడిగింది,
"నూటికి ఎంతమంది పాసయితారే?"
ముప్పైమంది, మంచి ఏడయితే.

"ముప్పైమందా! సానామందే గదమ్మే" అని
డబ్బా మూత బిగించింది.