పైలం

అడ్డగుట్టలో ఇస్త్రీ దుకాణం మీది గది.
నాలుగు ముసలి కంప్యూటర్లు,
మాదాపూర్ ఆఫీసు తూకానికి అమ్మినవి.
లైసెన్సుకు పైసల్లేవు గనుక
పెంగ్విన్ బొమ్మ సాఫ్ట్‌వేర్ ఎక్కించాం:
విప్పి చూడొచ్చు, నచ్చకుంటే మార్చొచ్చు,
పక్కింటికి ఇవ్వొచ్చు, పెరుగు తోడులాగ.

తెర మీది మాటల్ని రాత్రిపూట తెలుగు చేస్తున్నాను.
ఒక బటన్‌కి 'భద్రపరచుము' అని పెట్టాను.
అంజవ్వ కూడబలుక్కుని చదివింది.
"గిదేంది బిడ్డా, కోర్టు కాగితం లెక్క?"
"రాసింది పోకుండ ఉంచేదవ్వా."
"గట్లయితే పైలం అనరాదు?"

నవ్వాను. ఆ తర్వాత నవ్వు రాలేదు.
ఫైలు తెరిచాను, దానికి తాళం లేదు.
ఆరక్షరాలు కొట్టేసి రెండు పెట్టాను.
ఏ కంపెనీ గుమ్మమూ ఎక్కలేదు.

తెనాలి నుంచి ఒకామె రాసింది:
మా వైపు ఈ మాట లేదండీ.
నిజమే. మీ ప్రతిలో మీ మాట పెట్టుకోండి అన్నాను.
'దాచు' అని పెట్టుకుంది. అదీ బాగుంది.

అంజవ్వ తెల్లారి నాలుగింటికే రోడ్లూడ్చే మనిషి.
పోయిన నెల కాంట్రాక్టరు
ఇరవై మూడు రోజులే రాశాడు.
ఈ నెల తానే రాస్తోంది,
ఒక్క వేలితో, అంకె అంకె వెతుక్కుంటూ.
ఇరవై ఆరు.
తన మాట మీదికి బాణం తెచ్చి నొక్కింది.

అప్పుడే కరెంటు పోయింది.
చీకట్లో ఎవరం మాట్లాడలేదు.
కింద నుంచి ఇస్త్రీ బొగ్గుల వాసన.

వచ్చాక తెరిచి చూస్తే
ఇరవై ఆరూ ఉన్నాయి.