మూర లెక్క

చిన్నబజారు మలుపులో పెంచలమ్మ
మల్లెచెండు విప్పి
మోచేతి నించి నడిమివేలి కొస దాకా చాపి
"ఎన్ని మూరలు మే?" అంటుంది.
కొలత తీరినచోట బ్లేడు పెడుతుంది.
పువ్వు మీద ఎప్పుడూ పెట్టదు.
పువ్వుకీ పువ్వుకీ మధ్య
ఒట్టి అరటినార కనపడే సందులోనే.

నాకింకా నిద్ర లేదు.
రాత్రంతా ల్యాబులో
కోవూరు మడికాలవలో పట్టుకొచ్చిన తోకకప్పలతో జాగారం.
వాటికి కాళ్లొచ్చే వారం ఇది.
తోక రాలిపోతుందనుకునేదాన్ని, బడిలో చదివినప్పుడు.
రాలదు.
లోపలినించే సర్దుకుంటుంది,
అద్దిల్లు ఖాళీ చేసే మనిషి
మేకులు కూడా పీకి, గోడ తుడిచి పోయినట్టు.

ప్రతి కణంలోనూ ఒక కత్తెర ఉంటుంది.
దాని మూతి బిగబట్టుకుని పక్కనే ఒక కాపలా.
విచిత్రమేమంటే
ఆ కత్తెరని సరిగ్గా మడిచి, పదును కుదిర్చి
కత్తెరగా నిలబెట్టిందీ ఆ కాపలాయే.
పురుడు పోసిందీ అదే,
నోరు నొక్కి ఉంచిందీ అదే.
వేళ వచ్చినప్పుడు కాస్పేజ్ అనేదొకటి వస్తుంది.
కత్తెర జోలికి పోదు.
కాపలాని తుంచుతుంది.
అంతే.

డీఎన్ఏ పోగు
పూసకి రెండు చుట్లకి కాస్త తక్కువ చుట్టుకుని,
ఇంత సందు,
మళ్లీ పూస.
చుట్టు మీద కత్తెర ఆడదు.
సందు దొరికితే వదలదు.

తెల్లారుజామున ఊదా వెలుగు మీద జెల్ పెడితే
నారింజ గీతలు, నిచ్చెన మెట్లలాగ:
సుమారు నూటఎనభై అక్షరాలు,
మూడువందల అరవై,
ఐదువందల నలభై.
ఒక మూర, రెండు మూరలు, మూడు మూరలు.
అరమూర లేదు. ముప్పాతిక లేదు.
చావు ఇంత కచ్చితంగా కొలుస్తుందని
ఎవరూ చెప్పలేదు నాకు.

పోయిన నెల ఒక ట్యూబు కిటికీలో మరిచిపోయాను.
అవి వేళ కాకుండా, పిలుపు రాకుండా పోయిన కణాలు.
జెల్ మీద ఒక్క మెట్టు లేదు,
పైనించి కిందికి ఒకటే చార,
ముత్తుకూరు బస్సులో కాళ్ల కింద పడ్డ దండ.
సారు చూసి తిట్టలేదు.
"ఎండ" అన్నాడు, చారని చూపుడువేలితో తాకుతూ.

"ఏం చూస్తా ఉండావు మే?"
పెంచలమ్మ కుడిచేతి నడిమివేలూ ఉంగరంవేలూ
కొస దాకా కలిసే ఉన్నాయి.
ఇన్నాళ్లూ పూలే చూశాను.
కడుపులో అరచేయి మొదట తెడ్డు.
మధ్యవి చచ్చిపోతేనే
వేళ్లు విడివడతాయి.
ఒక్క సందులో
కత్తెర వేళకి రాలేదు.
ఇవేవీ ఆమెతో అనలేదు.
ఆమే చెప్పింది, నార బిగిస్తూ:
"మాయమ్మ కడుపులో ఉండంగా దేవుడికి తీరిక లేదంట.
కోయిస్తానని మా నాయన బయలుదేరితే
మాయవ్వ గడపకి అడ్డం పడుకునింది.
ఇట్టుంటేనే ముడి జారదు మే, లాగి చూడు."
లాగాను. జారలేదు.

బండి కింద ఆమె మేక
వాడిన తునకల్ని నారతో సహా నములుతోంది.
తోక పక్కన కాపురముండే కణాలూ అంతే,
తునకల్ని మింగి, కడుపులో ఇంకోసారి కోసి,
అక్షరం అక్షరం విడదీసి దాచుకుంటాయి.
రేపటి కాలిలో
ఏ అక్షరం ఏ తోకదో ఎవరికెరుక.

రెండు మూరలు చాలన్నాను.
కొలిచింది. బ్లేడు పెట్టబోయి
నాలుగు పూలు అవతలికి జరిపి, అక్కడ కోసింది.
"కొసరు."

ఇంటికొచ్చి జెల్ ఫోటో మళ్లీ తీశాను.
గీతల అంచులు అలికినట్టున్నాయి,
రాత్రి నా కళ్ల మంట అనుకున్నాను.
కాదు.
సందులన్నీ ఒకే పొడవుండవు,
కత్తెర కాస్త ఇటో అటో పడుతుంది,
నాలుగు పూల మేర.